లక్క పాలిష్ వాసన

మావా,

బాగున్నావా? నేను బాగానే ఉన్నాను. నువ్వు వెళ్ళాక మన తోటలో కాఫీ ఒకసారి పూసింది, పండింది, ఇప్పుడు కళ్ళంలో ఎండుతోంది.

ఇన్నాళ్ళూ ఏ సంగతైనా ప్రార్థనలోనే చెప్పుకున్నాను. దేవుడు వింటే నువ్వూ విన్నట్టేనని. కానీ ఈ సంగతి మోకాళ్ళ మీద కూర్చుని చెప్పబోతే నోరు రాలేదు. నీ మీద నేరం మోపుతూ ఆయన దగ్గరికి ఎలా వెళ్ళను? నిన్నే అడగాలి. అందుకే ఇవాళ పెన్ను పట్టాను.

మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో "అసలు ఇసయం సెప్పే" అనకు.

నువ్వు పోయాక నీ లేతు మిషను మీద దుప్పటి కప్పేశాను. చలి మొదలై లంబసింగికి టూరిస్టులు రాగానే మూర్తిగారు కబురు పంపారు. అదే, నర్సీపట్నం నుంచి వచ్చి రోడ్డు పక్కన కాఫీ పొడి, తేనె అమ్మే షాపాయన. నీ పెన్నులు కావాలని జనం అడుగుతున్నారట. దుప్పటి తీశాను. నువ్వు ఎండబెట్టి ఉంచిన ముసలి కాఫీ మొద్దులు ఇంకా అటక మీద ఉన్నాయి కదా. వాటినే లేతు మీద పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, స్పిరిట్లో లక్క రేకులు నానబెట్టి, నీలాగే గుడ్డ ఉండతో పాలిష్ పట్టి పంపాను. నా చేతికి ఆ మెరుపు రాదనుకున్నాను. వచ్చింది.

రెండు వారాలు తిరక్కుండానే మూర్తిగారు గుప్పెడు పెన్నులు వెనక్కి తెచ్చారు. "ఏంటమ్మా ఇవి, పెన్నులా జీళ్ళపాకమా? పట్టుకున్నోడి చెయ్యి ఊడి రావట్లేదు!" అన్నారు. లక్క నిలబడదట, చిటికెలో అతుక్కునే గ్లూ ఉంటుందే, దాన్ని పూతగా వేస్తే అద్దంలా ఉంటుందట. అలా చేస్తేనే పంపమన్నారు.

నేను నమ్మలేదు. నీ పాలిష్ ఎప్పుడైనా జిగురొచ్చిందా? ఈయనే ఏదో పూసి ఉంటాడు, నీ పేరు చెడగొట్టి కొండ కింద పల్లంలో ఎవరిచేతో చౌకగా చేయించుకుంటాడు అనుకున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా… నోట్లోంచి మాట రాదు, కడుపులో అనుమానం ఆగదు.

మర్నాడు జీపెక్కి ఆయన షాపుకు వెళ్ళాను. కాఫీ పండించేదాన్ని, కాఫీ పొడి కొనే వంక పెట్టుకుని! అక్కడే బల్ల మీద కూర్చుని చూశాను. జనం పక్క బడ్డీలో బొంగు చికెన్ తింటారు. మూర్తిగారి గల్లా దగ్గరున్న శానిటైజర్ సీసా నొక్కి చేతులు రుద్దుకుంటారు. ఆ తడి చేతులతోనే పెన్ను తీసి, అట్ట మీద తమ పేరు రాసి చూసుకుంటారు.

ఆ సీసా వాసన నా దాకా వచ్చింది. మనం లక్క నానబెట్టే స్పిరిట్ వాసనే, మావా. లక్కను కరిగించేది అదే కదా. ఎండినా సరే, మళ్ళీ అది తగిలితే మెత్తబడిపోదూ?

మూర్తిగారు అబద్ధం ఆడలేదు. ఆయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి ఒకే మొద్దులోంచి మూడు పెన్నులు చేశాను. ఒకదానికి లక్క, ఒకదానికి నూనె రాసి తేనె మైనం, ఒకదానికి గ్లూ. వంటింట్లో, తోటలో, చర్చిలో, ఎక్కడికి వెళ్ళినా మూడింటినీ వెంట తిప్పాను. చెమట చేతులతో పట్టాను. వేడి టీ ఒలికించాను. మైనం పెన్ను చేతికి హాయిగా ఉంది గానీ నీళ్ళు పడితే మచ్చ పడింది, మట్టి పట్టేసింది. గ్లూ పెన్నుకు ఏమీ కాలేదు. కర్రను పట్టుకున్నట్టు మాత్రం ఉండదు, గాజును పట్టుకున్నట్టు ఉంటుంది. చివరికి శానిటైజర్ చేతులతో లక్క పెన్ను పట్టుకున్నాను. మెత్తబడి, తెల్లబారి, నా వేళ్ళు దిగిన చోట గుంటలు పడ్డాయి.

ఆ గుంటలు చూడగానే పెన్ను కింద పెట్టేశాను. అలాంటివి అంతకు ముందే చూశాను. నీ పెన్ను మీద.

నీ సొంత పెన్ను… మన తోటలో మొదట పీకిన కాఫీ మొక్క వేరుతో చేసుకున్నది. ఎప్పుడూ నీ చొక్కా జేబులో ఉండేది. ఆ చొక్కాతోనే పెట్టెలో దాచాను. తీసి చూశాను. అవే తెల్లటి మచ్చలు, అవే మూడు గుంటలు.

నువ్వు శానిటైజర్ ఎప్పుడు ముట్టావు? మరి నీ చేతికి ఏం తడి అంటింది?

సారా కూడా అలాంటిదే కదా, మావా.

బాప్తిస్మం రోజు అందరి ముందూ మానేశానన్నావు. నేను నమ్మాను. కానీ సాయంత్రం నువ్వు పక్కన కూర్చుంటే స్పిరిట్ వాసన. నేను ముక్కు కదిపితే చాలు, "పాలిష్ వాసనే, ఓలే. ఏటలా సూత్తన్నావు? కుక్క వాసన సూసినట్టు!" అని నవ్వేవాడివి. నువ్వు చింతపల్లి సంతకు పోయే రోజున లేతు మిషను ఆడదు కదా, ఆ రోజూ అదే వాసన ఎందుకొచ్చేది? ఆస్పత్రిలో నీ కళ్ళు పసుపు ముద్దలై ఉంటే డాక్టరు గారు "మందు అలవాటు ఉందా?" అని నన్ను అడిగారు. "లేదండీ, దేవుడి బిడ్డ" అన్నాను. అప్పుడు నువ్వు కిటికీ వైపు ఎందుకు తిరిగావు?

ఉండబట్టలేక మీ తమ్ముణ్ణి అడిగాను. గొడ్డలి పదును పెట్టుకుంటూ తలెత్తలేదు. "పోయినోడి గురించి ఇప్పుడేటి వదినా? అన్నయ్య తాగినా అదే వాసన, తాగకపోయినా అదే వాసన. పక్కనున్నా మాకే తెలిసేది కాదు" అన్నాడు. అది అవునన్నట్టా? కాదన్నట్టా?

తర్వాత చాలా రోజులు నీ ఫొటో ముందు దీపం పెట్టలేదు. కోపం కాదు… ఎవరికి పెడుతున్నానో తెలియలేదు.

మొన్న రేషను డిపోకు వెళ్ళాను. వేలిముద్రల మిషను మళ్ళీ నా వేలు తీసుకోలేదు. డిపో అబ్బాయి నా చూపుడు వేలిని గుడ్డతో తుడిచాడు, మళ్ళీ నొక్కించాడు, ఊహూ. అదే కత్తిపీట గాటు, పనసకాయ కోస్తుంటే తెగింది, వేలికి అడ్డంగా గీతలా ఉండిపోయింది కదా. నువ్వు క్యూలో అందరికీ వినపడేలా అనేవాడివి… "అందర్నీ అనుమానిత్తాది, అందుకే మిషను దీన్ని అనుమానిత్తంది. పోన్లే ఓలే, నేను నమ్మీసేను, బేగి నడు!"

ఆ మాట గుర్తొచ్చి దారంతా నవ్వుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి ఎందుకో నీ పెన్ను తీసి వెలుతురులో పట్టుకున్నాను.

చూపుడు వేలి గుంటలో అడ్డంగా ఒక గీత ఉంది.

నా వేలు పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది. బొటనవేలు, మధ్యవేలు కూడా…

అప్పుడు గుర్తొచ్చింది. వార్డు గుమ్మం దగ్గర లోపలికి వెళ్ళిన ప్రతిసారీ నర్సమ్మ నా చేతుల్లో ఆ శానిటైజరే పోసేది. నిన్ను లోపలి గదికి మార్చాలని సంతకం పెట్టమన్నారు. ఎవరి దగ్గరా పెన్ను లేకపోతే నీ జేబులోంచి తీశాను. చేతులింకా తడిగానే ఉన్నాయి. ఎంత గట్టిగా పట్టుకున్నానో! సంతకం పెట్టి మళ్ళీ నీ జేబులోనే పెట్టాను.

మిషను గుర్తుపట్టని వేలిని నీ లక్క గుర్తుపట్టింది, మావా. నేనేమో నీ నేరమనుకుని ఇన్ని రోజులూ నా వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాను.

ఇక షాపు పెన్నులకు గ్లూయే వేస్తున్నాను. పల్చగా పూసి, ఆరనిచ్చి, ఉప్పు కాగితం తడిపి రుద్ది, మళ్ళీ పూయాలి. కళ్ళు మండుతాయి, తలుపు తీసి ఉంచి చేస్తాను. ఎవరు ఏ చేత్తో పట్టుకున్నా దానికి ఏమీ కాదు. అమ్మే వస్తువుకు అదే మేలు, నువ్వు ఒప్పుకోకపోయినా. మూర్తిగారు "ఇదీ పెన్నంటే!" అన్నారు. నాకు లక్కే బాగుంది.

నీ పెన్ను మాత్రం మళ్ళీ పాలిష్ పట్టను. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను. వేళ్ళు వాటి గుంటల్లో అవే కూర్చుంటున్నాయి.

రాత్రి నీ ఫొటో ముందు దీపం పెట్టాను. కానీ ఒక మాట. పెన్ను సాక్ష్యం కొట్టేశాను గానీ, కిటికీ సంగతి కొట్టేయలేదు. సంత రోజుల సంగతీ కొట్టేయలేదు. నేను అక్కడికి వచ్చిన రోజున నీ ముఖం చూడకముందే నీ నోరు వాసన చూస్తాను. అక్కడ లేతు మిషను ఉండదు కదా, ఇక పాలిష్ అని ఎలా అంటావో చూస్తాను. అప్పటిదాకా నమ్ముతాను. మాట ఇస్తున్నాను.

ఈ కాగితాలు మడిచి పెట్టెలో నీ చొక్కా జేబులో పెడుతున్నాను. నీ దగ్గరే దాచుకో. ఎవరికీ చూపించకు. అక్కడే ఉన్న మీ అమ్మకు అసలే వద్దు. "నా కొడుకునే అనుమానించీసింది" అని నేను వచ్చేదాకా సాధిస్తుంది.

నీ
ఎస్తేరు