మల్లప్ప కాక పెట్టిన వంకలు

నవంబర్ 2, 2022, బుధవారం

మోకాలు: 4.

నల్లగొండలో ఫిజియో చెప్పింది, రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసి పెట్టమని. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే కూలబడ్డట్టు. నెల తర్వాత చూపించాలట. ఆఫీసులో పాత డైరీ ఒకటి దొరికింది. ఒక్క అంకె రాస్తే పేజీ బోసిగా ఉంది కాబట్టి నాలుగు ముక్కలు రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక.

ఏం ఆడతారని అడిగింది. బాస్కెట్‌బాల్ అన్నాను. హాలియాలోనా అని నవ్వింది. నాకు మండింది. కాలువ నీళ్లొచ్చి వరి వచ్చింది, వరితో మార్కెట్ యార్డ్ వచ్చింది, యార్డ్ వెనక సిమెంట్ కోర్టు కూడా వచ్చిందమ్మా అన్నాను. పదహారేళ్లుగా అక్కడ పాయింట్ గార్డ్ నేనే. బంతి తెచ్చి, నలుగురిలో ఎవరికివ్వాలో చూసి ఇచ్చేవాడు పాయింట్ గార్డ్. టీమ్ నడిచేది వాడి చేతి మీద. ఇదంతా చెప్పాక వయసు అడిగింది. ముప్పై తొమ్మిది. చీటీ మీద రెస్ట్ అని రాసిచ్చింది.

డిసెంబర్‌లో టోర్నమెంట్ అయ్యాక చూద్దాం.

నవంబర్ 3

మోకాలు: 4. ఇరిగేషన్ డ్యూటీ మీద కాలువ గట్టున పదకొండు కిలోమీటర్లు బండి నడిపాను. చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

నవంబర్ 6, ఆదివారం

మోకాలు: 5.

ప్రాక్టీస్ అయ్యాక ప్రమీలక్క టిఫిన్ బండి దగ్గర అందరూ చేరారు. ఆమె బండి కోర్టు గేటు పక్కనే. దోసెలు తిప్పుతూ పదేళ్ల మ్యాచ్‌లన్నీ చూసింది. పంక్చర్ షాపు జానీ మాకు మేనేజర్. నల్లగొండ టోర్నమెంట్‌లో ఈసారి కొత్త రూల్ పెట్టారట, ప్రతి టీమ్ బయటి ప్లేయర్‌ని ఒకణ్ణి తెచ్చుకోవచ్చట. ఈ మాట వాడే మోసుకొచ్చాడు.

ఎవర్ని తెద్దాం అని ఒక్కరూ అడగలేదు. ఏ పాయింట్ గార్డ్‌ని తెద్దాం అనే మొదలుపెట్టారు. నేను అక్కడే ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. పైగా జానీ, గోపాలన్నకు గేమ్ మస్తు ఎరుక, ఆయన్ని గూడ కమిటీల ఏస్తం అన్నాడు. భేష్. నా జాగాలోకి మనిషిని వెతికే కమిటీలో నేనే మెంబర్ని. వాట్సాప్ గ్రూపులోనూ వేశాడు.

అందరూ నా మొహం చూడకుండా మాట్లాడుతుంటే మల్లప్ప కాక నా కాళ్లు చూశాడు. కందికట్టెల లెక్కున్నయ్, గీటితోని ఇంకెన్నొద్దులు ఉరుకుతవురా అన్నాడు. ఆయనకు రెండు వందల గొర్రెలు. బంతి ఎన్నడూ ముట్టలేదు, మ్యాచ్ ఎన్నడూ మానలేదు. పదహారేళ్లలో ఆయన నోట నా గురించి ఒక్క మంచి మాట వినలేదు. ఇవాళ వింటానా?

నవంబర్ 9

మోకాలు: 5.

గ్రూపులో నూట నలభై మెసేజ్‌లు. రెండు పేర్లు మిగిలాయి. ఒకడు సాయికిరణ్, పాలమూరు పిల్లవాడు, ఇరవై ఒక్కేళ్లు, మహా స్పీడ్. రెండోవాడు సాల్మన్, గద్వాల దగ్గర స్కూల్లో పీఈటీ. ముప్పై మూడేళ్లు, నిదానం మనిషి.

జానీ సాయికిరణ్ పార్టీ. రీల్ మీద రీల్ పంపుతున్నాడు. ప్రమీలక్క సాల్మన్ పార్టీ. రీల్‌ల బాల్ ఏసింది సూపిస్తరు, ఇచ్చింది సూపిస్తరా అని గరిటె ఎత్తింది. వడ్డించేటోడే ముందుగాల తింటే బంతిల కూసున్నోళ్ల గతేందని అడిగింది. జానీ ఇంకో రీల్ పంపాడు.

నేను సాల్మన్‌కి ఓటు వేశాను. టీమ్ గేమ్ కోసం అని గ్రూపులో రాశాను. అది అబద్ధం. సాల్మన్‌కి రెండు క్వార్టర్లు ఆడితే ఆయాసం వస్తుంది. మిగతా రెండూ నావి. సాయికిరణ్ వస్తే నాకు బెంచీయే. డైరీలో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం ఎక్కడ రాయాలి.

ఓట్లు సరిసమానం అయ్యాయి. సూడకుంట కొనుడేందిరా, పోయి సూద్దాం అన్నాడు మల్లప్ప కాక.

నవంబర్ 13, ఆదివారం

మోకాలు: 6. కార్లో రానూపోనూ కాలు ముడుచుకునే కూర్చున్నాను.

పాలమూరు వెళ్లొచ్చాం. జానీ, మల్లప్ప కాక, నేను. ఇద్దరు కుర్రాళ్లూ అక్కడే ఆదివారం లీగ్‌లో ఆడుతున్నారు.

దేవరకొండ దాటాక కాక వాళ్ల నాయిన గురించి చెప్పాడు. చిన్నప్పుడు గొర్రెల అంగడికి తీసుకుపోయి నేర్పాడట. ఏ పొట్టేలు కండ్లవడ్డదో దానికే వంకలు పెట్టాలె, కాళ్లు సన్నమనాలె, కండ్లు మసకనాలె. కొననిదాన్ని మాత్రం మంచిగ మెచ్చుకొని ఇడిసిపెట్టాలె, మెచ్చుకుంటే మనదేం పోతది అన్నాడు. జానీ ఫోన్ మాట్లాడుతూ డ్రైవింగ్ చేస్తున్నాడు, వినలేదు. నేను విన్నాను.

మ్యాచ్ చూశాం. సాల్మన్ బాగానే ఇచ్చాడు. కానీ సాయికిరణ్! రీల్‌లో చూపించనిది కళ్లతో చూశాను. వెనక్కి చూడకుండా పాస్ ఇస్తాడు. వెనక ఎవరున్నారో వాడికి తెలుసు. అది నేర్పితే రాదు. నాకు పదేళ్లు పట్టింది, అదీ సగమే వచ్చింది. నాకు పుట్టింది ఒక్కటే: కుళ్లు. ఇంకో మాట ఎందుకు.

ఆట అయ్యాక జానీ చాయ్‌ల కోసం వెళ్లాడు. మల్లప్ప కాక ముందు సాల్మన్ దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. ఏం ఆడినవ్ బిడ్డా, నీ అసొంటోడు జిల్లాల లేడు, నీ తల్లి కడుపు సల్లగుండ అన్నాడు. సాల్మన్ మురిసిపోయి, ఎప్పుడు రమ్మంటరని నన్ను అడిగాడు. పాపం.

తర్వాత సాయికిరణ్. ఇటు తిరుగు అన్నాడు కాక. అటు తిరుగు అన్నాడు. చుట్టూ ఒక రౌండ్ నడిచాడు. పిక్కలల్ల పస లేదు, ఎడమ చెయ్యి చెయ్యేనా అది, ఆ జుట్టేంది పిట్టగూడు లెక్క, గింత బక్కోనితోని మాకేమైతది అని వరసబెట్టి అన్నాడు. ఎంత నచ్చాడో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇన్ని వంకలు నాకు మొత్తం సీజన్‌లో కూడా పడవు.

పిల్లవాడి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, మీరేమంటరన్నా అని అడిగాడు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఇది మా కాక బేరం చేసే తీరు తమ్మీ, నువ్వు బాగా నచ్చావు అంటే అయిపోయేది. నాకు నోరు ఉంది. ఫోన్ చేస్తాం అన్నాను.

తిరుగు దారిలో కాక, గీ పోరడే గావాలె, గసొంటి కాలు నేను సూడలే అని ఒకటే పాట. రేపే ఫోన్ చేస్తానని జానీ అంటే మూడొద్దులు ఆగమన్నాడు, ఆత్రం సూపియ్యొద్దట. నేను కిటికీలోంచి చేలు చూశాను.

నవంబర్ 17

మోకాలు: 2.

జానీ ఫోన్ చేస్తే సాయికిరణ్, మీ టీమ్‌కు నేను పనికి రానన్నరు గద సార్ అని పెట్టేశాడట. దేవరకొండ టీమ్‌కి మాట ఇస్తున్నాడట. ఇక సాల్మన్‌ని అడిగితే, డిసెంబర్‌లో స్కూల్ గేమ్స్‌కి పిల్లల్ని వరంగల్ తీసుకుపోవాలి అన్నాడు.

మల్లప్ప కాక బిత్తరపోయాడు. నేను గంత తిట్టిన గదరా, పసందైందని తెల్వదా ఆనికి, గదేం సదువు అన్నాడు. పొద్దుందాక అదే మాట.

చివరికి అందరూ నా వైపు చూశారు. గోపాలన్న ఉండంగ ఫికరేంది అన్నాడు జానీ. ప్రమీలక్క దోసె మీద నెయ్యి వేసింది. సిగ్గు లేకుండా తిన్నాను. చాలా బాగుంది.

నవంబర్ 20, ఆదివారం

మోకాలు: 7.

డిప్లొమా కాలేజీ పిల్లలతో ప్రాక్టీస్ మ్యాచ్. పదిహేను పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మా పొడుగు విజేందర్ బాస్కెట్ కింద చెయ్యి ఎత్తి నిలబడతాడు, నేను బంతి తెచ్చేసరికి వాడి ముందు ఇద్దరు చేరిపోతారు. రెండుసార్లు కాలు మడత పడింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే చెడ్డ గుర్తు. మల్లప్ప కాక ఒక్కడే, ఏం ఉరుకుడురా అది, సూడిబర్రె నయం అని అరిచాడు.

ఇంటికొచ్చి ఐస్ పెట్టుకుంటుంటే మా ఆవిడ స్నేహలత పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎందుకో పాలమూరు సంగతి మొత్తం ఆమెకు చెప్పేశాను. నేను నోరు మూసుకున్నది కూడా. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. కాకకు ఆని సంగతి తెల్వదు, ఆనికి కాక సంగతి తెల్వదు, ఇద్దరి సంగతీ తెల్సినోనివి నువ్వొక్కనివే అంది. ఎవ్వల చేతిల బాల్ పెట్టాల్నో చూసి ఇచ్చుడేగా నీ ఆట అంది. మిగతా చిక్కుడుకాయలు గట్టిగా వలిచింది.

పదిహేనేళ్ల కాపురంలో ఆమె ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఎక్కడ నేర్చుకుందో.

నవంబర్ 22

మోకాలు: 5. మనసు ఇంకా ఎక్కువ. దానికి మార్కులు అడగలేదు ఫిజియో.

నవంబర్ 24, ఉదయం 9.10, కల్వకుర్తి బస్టాండ్

సెలవు పెట్టాను. పళ్లు నొప్పి అని రాశాను. పేర్లు ఇవ్వడానికి ఎల్లుండే ఆఖరు. జానీకి కూడా చెప్పలేదు. పాలమూరు బస్సు ఇంకా రాలేదు. వెనక్కి పోయే బస్సు మాత్రం ఎదురుగానే ఉంది.

అదే రోజు, సాయంత్రం 5.30, తిరుగు బస్సు

సాయికిరణ్ ఇల్లు కనుక్కున్నాను. వాకిట్లో వాళ్ల అవ్వ బీరమ్మ కూర్చుని ఉంది. వాడు నన్ను చూసి లోపలికి పోబోయాడు. హాలియా అయ్యలు ఏమన్నరు బిడ్డా, అప్పటిసంది పోరడు సరిగ తింటలేడు అని ఆమె నన్నే అడిగింది. కాక అన్నవన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. పిక్కలు, ఎడమ చెయ్యి, పిట్టగూడు.

ముసలమ్మ పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. ఓరి పిచ్చోడా, గన్ని వంకలు పెట్టిండంటే నువ్వు ఆయన కండ్లవడ్డవురా అంది. మీ తాత అంగడిల గిట్లనే తిడ్తుండె, మంచిగున్నదన్న గొర్రెను ఎన్నడు కొనలే అంది. వాళ్లదీ గొర్రెల ఇల్లేనట. ఇంట్లోనే తెలిసినవాళ్లు ఉన్నా వాడు సిగ్గుపడి ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

పేరు రాయించడానికి దేవరకొండవాళ్లకి ఫోటో ఇంకా పంపలేదట. వస్తాను అన్నాడు. అక్కడితో లేచి రావచ్చు. కానీ చెప్పేశాను. ఆ రోజే నాకు తెలుసు తమ్మీ, నా జాగా పోతుందని చెప్పలేదు అన్నాను. వాడు నా మోకాలి వైపు చూశాడు. మరి నేనొస్తె మీరేడ ఆడతరన్నా అని అడిగాడు. బెంచీ మీద అన్నాను. చెప్పాక ఒళ్లు తేలికయింది.

బీరమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బస్సులో కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. మల్లప్ప కాక పదహారేళ్లుగా నన్ను తిడుతున్నాడు. ఒక్క ఆదివారం కూడా వదల్లేదు. ఓహో! ఇన్నాళ్లూ మొహం మాడ్చుకుని ఇంటికి పోయిన నేనెంత పిచ్చోణ్ణి. కిటికీ వైపు తిరిగి నవ్వాను. పక్కాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

మోకాలు: 4.

నవంబర్ 27, ఆదివారం

మోకాలు: 3.

సాయికిరణ్ వచ్చాడు. కాక వాణ్ణి చూడగానే జుట్టు మీద పడ్డాడు. ఇంకా తిట్టు తాతా అని వాడు నవ్వాడు. విజేందర్‌కి ఎడమ వైపే ఇవ్వాలని, కుడి చెయ్యి చిన్నప్పుడు విరిగిందని చెప్పాను. వాడు ఒక్కసారే విన్నాడు, ఇక తప్పలేదు. ప్రమీలక్క పెనం వదిలేసి గేటు దాకా వచ్చి చూసింది. వడ్డిస్తున్నడు, ఫరవాలేదు అంది.

జానీ వాడికి తొమ్మిదో నంబర్ జెర్సీ ఇవ్వబోయాడు. నా ఏడు నేనే తీసిచ్చాను. ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 10, నల్లగొండ

మోకాలు: 8. అయినా ఫరవాలేదు.

దేవరకొండతో సెమీస్. నాలుగు నిమిషాలు ఉందనగా సాయికిరణ్‌కి ఐదో ఫౌల్ పడింది, ఐదు పడితే బయటికే. అప్పటికి రెండు పాయింట్లే ముందున్నాం. నేను దిగాను. కాలు మాట వినలేదు, చెయ్యి వింది. విజేందర్‌కి మూడు పాస్‌లు, మూడూ ఎడమకే. వాడు మూడూ వేశాడు. గెలిచాం.

లైన్ దగ్గర నుంచి మల్లప్ప కాక గొంతు వినబడుతూనే ఉంది. ఓ ముసలి పొట్టేలూ, కాళ్లు మోసుకొచ్చినవా ఇంట్లనే మరిసినవా అని. ఆ నాలుగు నిమిషాలూ ఆ తిట్లు నాకు తీపిగా వినబడ్డాయి. ఇంకా బేరంలో ఉన్నాను.

డిసెంబర్ 11

కప్పు మాదే. సాయికిరణ్ మొత్తం మ్యాచ్ ఆడాడు. నా అవసరం పడలేదు. మంచి సంగతే.

మోకాలు: 3.

డిసెంబర్ 12, సోమవారం

పొద్దున టిఫిన్ బండి దగ్గర మల్లప్ప కాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మంచిగ ఆడినవ్ బిడ్డా, నీ అసొంటి పాయింట్ గార్డ్ హాలియాల మల్ల పుట్టడు, నీ తల్లి కడుపు సల్లగుండ అని అందరి ముందూ చెప్పాడు.

ఒక్క వంక కూడా పెట్టలేదు. సగం తిన్న ఇడ్లీ ప్లేటు ప్రమీలక్కకు తిరిగిచ్చేశాను.