పొయ్యిరాళ్ళ పుట్టుమచ్చలు

పిన్నికి,

నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా "అరవకురా, రాసి పంపు, తీరిగ్గా చదువుకుంటా" అంటావు. అందుకే రాస్తున్నాను. అరుస్తూనే రాస్తున్నాను, అది నీకు వినబడకపోవడం నీ అదృష్టం.

మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఉండేది ముగ్గురం: సారు, పొడుగాయన, నేను. తుంటి ఎముక విరిగిన వస్తాదు ఒకాయన వస్తాడని చెప్పాను కదా. ఆయన కాలు ఒక్కటే నా అంత బరువుంటుంది. నెలల తరబడి ఆ కాలు ఎత్తింది నేను, వంచింది నేను. తీరా ఆయన లేచి నిలబడే వేళకి సారు వచ్చి, "ఇకనుంచి ఈయన్ని నేను చూస్తాలే, నువ్వు మోకాళ్ళవాళ్ళని చూసుకో" అన్నాడు. వండింది నేను, వడ్డించేది ఆయన.

అంతకుముందు రోజే ఇంకో తతంగం. "ఒకళ్ళ ఒళ్ళు లాగీ నొక్కీ మన భుజాలే పాడవుతున్నాయి, ముందు మనల్ని మనం చూసుకోవాలి" అని సారు అందరి చొక్కాలూ విప్పించాడు, తనదీ విప్పాడు. చేతులకి డంబెల్స్ ఇచ్చి, ఎత్తి మెల్లగా దించమని, వెనకనుంచి ఫొటోలు తీయించాడు. మొహాలు పడకూడదు, అది మా పద్ధతి. ప్రింట్లు బల్లమీద పరిచి "ఎవరి వీపు వాళ్ళు గుర్తుపట్టండి" అన్నాడు.

నాకు గుర్తుపట్టడం ఒక లెక్కా. వీపు చూసి మనిషిని చెప్పడమే నా బతుకు.

అందులో ఒకటి నీకు పంపుతున్నాను. భుజం వెనక పలకలా ఉండే ఎముక చూడు. ఎడమది బుద్ధిగా ఉంది. కుడిది, చెయ్యి దించుతుంటే లోపలి అంచు పక్కటెముకల్ని వదిలేసి తలుపులా తెరుచుకుంది. అది చూసి నా కోపం కాసేపు ఆగిపోయింది పిన్నీ. ఆ ఎముకని ఒంట్లో ఎవరూ మేకు కొట్టి బిగించలేదు. ముందునుంచి సన్నటి కాలర్ ఎముక ఒక్కటి దాన్ని అందుకుంటుంది, మిగతాదంతా కండరాలు పట్టుకుని తేలుస్తున్నాయి, నీటిమీద పడవలాగ. అది తేలబట్టే చెయ్యి నెత్తిమీదికీ వెళ్తుంది, నడుం వెనక్కీ వెళ్తుంది. అంత సున్నితమైన ఏర్పాటు మీద బరువు మోపి, ఈ మనిషి ఊరందరి ఎముకల్నీ సరిచేస్తున్నాడు.

ఎవరో పేరు చెప్పను, మర్యాద కాదు. మా క్లినిక్‌లో ఎవరి గొంతు వీధి చివరిదాకా వినబడుతుందో, ఆయనే. ఇలాంటి భుజంతో బరువైన మనిషిని పట్టుకోవచ్చా? కాగితం మీద రాసి పంపు. ఇదే పని చేసి రిటైరైనదానివి, నీ మాటకి విలువుంటుంది. అది చూపించి నా వస్తాదుని నేను తెచ్చుకోవాలి.

నీ చిచ్చుబుడ్డి

తా.క.: కుడి పలక కింద మూడు పుట్టుమచ్చలు పొయ్యిరాళ్ళలా ఉన్నాయి. చెంబు పెడితే నీళ్ళు కాగేట్టున్నాయి.

*

చిచ్చుబుడ్డికి ఆశీస్సులు.

ఫొటో చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇన్ని వీపులు చూసినదాన్ని, ఇప్పటికీ ఆ ఎముక నాకు వింతే.

ఆ మనిషి కొన్నాళ్ళు వస్తాదుల జోలికి పోకూడదు. పోతే రేపు తల దువ్వుకోవడానికీ చెయ్యి లేవదు. కంగారేమీ లేదు, పలకని పట్టుకునే కండరాలకి పని మళ్ళీ నేర్పితే దారికొస్తుంది. గోడకి రెండు చేతులూ ఆనించి నెట్టడంతో మొదలుపెట్టమను.

పేరు దాచావు గానీ నాకు తెలిసిపోయిందిలే. గొంతు సంగతి ఒకటి చాలదూ. పైగా ఆ వీపు నాకు కొత్తా, ఎన్నిసార్లు సబ్బుపెట్టి రుద్దలేదు.

మీ పిన్ని

తా.క.: అప్పట్లో ఇంత వెడల్పు ఉండేది కాదు. సబ్బు కళ్ళలో పడితే ఒకటే ఏడుపు.

*

పిన్నికి,

నీ ఉత్తరం చదివాను. ఆయన వీపు నువ్వు రుద్దావా. సబ్బుపెట్టి. ఇంత విషయం ఇన్నేళ్ళు ఎలా దాచావు?

నిన్ను తప్పుపట్టే వయసు నాకు లేదు. కానీ బాబాయి సంగతేమిటి? ఆయనకి తెలుసా? తెలిసీ నవ్వుతూ తిరుగుతున్నాడా? నువ్వు రాసిన తీరు చూస్తే ఆ వీపు మనిషంటే నీకు ఇప్పటికీ అభిమానం ఉన్నట్టుంది. అది ఇంకా బాధగా ఉంది.

ఒక్కటి మాత్రం నిజం. ఆయన తప్పు ఒప్పుకునే రకం కాదు.

చిచ్చుబుడ్డి

తా.క.: ఏడ్చాడన్న మాట మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. హాయిగా ఉంది.

*

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

జ్వరంగానీ వచ్చిందా నీకు? బాబాయికి తెలియకపోవడమేమిటి. నాకు నడుం పట్టేసిన రోజుల్లో రుద్దింది ఆయనే. ఇద్దరం కలిసి తుడిచి, పౌడరు రాసి, చొక్కా తొడిగేలోపే జారుకుని వీధిలోకి పరిగెత్తేవాడు. అభిమానం ఉండదా మరి?

తప్పు ఒప్పుకోని రకమని నాకు నువ్వు చెప్పాలా. సిగ్గుపడి దాస్తే భుజం బాగవదు. పని పోతుందనే కదా భయం? పోదు. నలుగురిలో చెప్పెయ్యమను, మంచివాళ్ళెవరో చెయ్యందిస్తారు.

పిన్ని

తా.క.: బాబాయి ఆ వీపుకి ఒక ముద్దు పంపుతున్నాడు.

*

పిన్నికి,

ఈ ఉత్తరం ఎడంచేత్తో రాస్తున్నాను, వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వూ బాబాయీ కలిసి మా సారుకి పౌడరు రాయడం నా ఊహకి అందలేదు. ఆయన నీకంటే పెద్దవాడు. అవును, ఇన్నాళ్ళూ నేననుకుంది ఆయన వీపని. అంత కోపంలో ఉన్నవాడికి లెక్కలు తోచవు.

నీ ఉత్తరాలు పట్టుకుని తిన్నగా వస్తాదు మంచం దగ్గరికెళ్ళాను. "సార్, మీ భుజం పాడైంది, ఈయన్ని మీరు వదిలెయ్యాలి. వీపు రుద్దిన మనిషే రాసింది" అని మొత్తం చదివాను. పౌడరు, ముద్దు, ఏదీ వదల్లేదు.

సారు చొక్కా విప్పి నావైపు వీపు తిప్పాడు. చేతులు ఎత్తి, మెల్లగా దించాడు. పిన్నీ, ఆ పలకలు రెండూ పక్కటెముకల మీద జారుతూ వచ్చి, ఎక్కణ్ణుంచి లేచాయో అక్కడే వాలాయి. చప్పుడు లేదు. ఎన్నేళ్ళు మనుషుల్ని ఎత్తిన వీపో అది.

"పుట్టుమచ్చలు ఎన్నున్నాయిరా?" అన్నాడు.

ఒక్కటీ లేదు.

పొడుగాయన నా వెనక్కొచ్చి చొక్కా పైకెత్తాడు. "పొయ్యి ఇక్కడుంది సార్" అన్నాడు. వస్తాదు నవ్విన నవ్వుకి మంచం ఊగింది.

ఊళ్ళో వీపులన్నీ చదివాను, నా వీపు నేనెప్పుడు చూశాను?

"నీ ఫొటో చూసిన మర్నాడే ఈయన్ని నీ దగ్గర్నుంచి తప్పించాను. గుర్తుపట్టి నువ్వే వస్తావనుకున్నా" అన్నాడు సారు.

"చెప్పొచ్చుగా సార్."

"చెబితే వింటావా, అరుస్తావుగా."

అరుద్దామని నోరు తెరిచాను. మూసుకుని చొక్కా కిందికి లాక్కున్నాను.

అప్పుడు సారు వస్తాదు చంకకింద చెయ్యేసి, "బరువు నేను పట్టుకుంటాను. నువ్వు ఎదురుగా నిలబడి పిలువు" అన్నాడు. వీధి చివరిదాకా వినబడే గొంతు కదా, పిలిచాను. ఆయన లేచాడు. ఊగాడు. ఒక అడుగేశాడు, నా వైపే. ఇన్నాళ్ళూ వంగి ఆ కాలు పట్టుకుని ఉండటంతో నేను చూడనిది ఇప్పుడు చూశాను. నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో.

గోడ నెడుతున్నాను. సారు వెనక నిలబడి చూస్తున్నాడు.

నీ చిచ్చుబుడ్డి

తా.క.: ఆ మూడు ఫొటోల్లో అన్నిటికన్నా అందమైనదాన్ని నాదేననుకుని గదిలో అద్దం పక్కన అంటించుకున్నాను. రోజూ పొద్దున్నే చూసి "అబ్బ, ఏం వీపురా నీది" అని మురిసిపోయి పనికి పోయేవాణ్ణి. అది సారుది. తీసెయ్యలేదు.