కోత కనపడని ఆపరేషన్

జూన్ 8
మళ్లీ అదే మాట. "చర్చి క్వయర్ ప్రాక్టీస్ అనంగనే దగ్గొస్తది నీకు. నకరాలు." అమ్మ, పొయ్యి దగ్గర నుంచే, వెనక్కి తిరగకుండా. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నదానికి రోగం వచ్చినా బద్ధకమే. పై స్వరం అందుకోగానే ఊపిరి తెగిపోతోంది — ఎవరికి చెప్పను? ఊళ్లో డాక్టరు ఆస్తమా అని ఇచ్చిన ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నాను. ఆస్తమా అయితే తగ్గాలి కదా.

జూన్ 11
కుడివైపు తిరిగి పడుకుంటే ఛాతీలో ఈల. డాడీకి నవ్వు: "మెదక్‌కు రైలు రాకముందే మనింటికొచ్చింది." నేనూ నవ్వాను. దగ్గు. రుమాలు మీద ఎరుపు. డాడీ నవ్వు ఆగిపోయింది.

జూన్ 16
హైదరాబాద్. స్కాన్, కెమెరా పరీక్ష, చిన్న ముక్క తీసి టెస్టు. కుడి ఊపిరితిత్తికి గాలి పోయే గొట్టంలో గడ్డ. కార్సినాయిడ్ అట, ఒకరకం క్యాన్సరే. అరుదట, మెల్లగా పెరిగే రకమట. భయం వేయాలి. ముందు అనిపించింది మాత్రం… హమ్మయ్య, నావి నకరాలు కావు.
అమ్మ నా వైపు చూడలేదు. "ఛాతి కొయ్యాల్నా మేడం?" అక్కర్లేదన్నారు డాక్టరమ్మ. గడ్డ గొట్టం లోపలే ఉంది, గోడ దాటలేదు. నోట్లోంచి కెమెరా గొట్టం, స్కోపు పంపి తీయొచ్చు. కాకపోతే ఏళ్ల తరబడి వచ్చి చూపించుకుంటూ ఉండాలి.

జూన్ 20
తీసేశారు. గొంతు మంట, కొంచెం రక్తం. వైరు ఉచ్చు బిగించి కాల్చి కోశారట — నాకేం తెలుసు, మత్తులో ఉన్నాను. సీసాలో చూపించారు. చిక్కుడు గింజంత. దీనికా ఇన్నాళ్లు…
నిండా ఊపిరి పీల్చాను. మళ్లీ. ఊరికే, మళ్లీ.

జూన్ 22
ఇల్లు. కుడివైపే పడుకున్నాను. ఈల లేదు. పొద్దున్నే డాడీ, "రైలు బందా బిడ్డా?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

జూన్ 29
రిపోర్టు మంచిదే. ఎక్కడా పాకలేదు.
వచ్చే ఆదివారం చర్చిలో నేను సాక్ష్యం చెప్తానని అమ్మ పాస్టరయ్యకు చెప్పి వచ్చింది. మాటలు కూడా తనే నేర్పింది: ఆస్తమా ఉండె, దేవుడు ముట్టిండు, తగ్గింది. "కోత లేదు, కుట్టు లేదు. ఎవరికి ఎర్కయితది? రేపు సంబంధాలొస్తయి, గడ్డ అంటే ఎవరొస్తరు?"
మరి చెకప్?
"తగ్గిందని సాక్ష్యం చెప్పి మళ్ల దవాఖానకు పోతే నలుగురేమంటరు?"
దేవుడు ముట్టలేదని నేననను. కానీ చెకప్ మానేస్తే, అది మళ్లీ మొలిస్తే…

జూలై 4, శనివారం
ప్రాక్టీస్. పై స్వరం అందింది, చివరిదాకా. అమ్మ కూడా క్వయర్‌లోనే; పక్క వరుసలో పాడడం ఆపి నన్నే చూసింది. దారిలో మెల్లగా — "నకరాలన్నది మనసుల పెట్టుకోకు." పెట్టుకోలేదు. గేటు దగ్గర మళ్లీ, "రేపు మాత్రం ఆస్తమా అనే చెప్పు."
రేపు గడ్డ అనే చెప్తాను. చెకప్‌కు వెళ్తానని కూడా చెప్తాను.