గేటు బయటి చెప్పులు

జనగామ,
మే, 1984

మేనేజరు జగన్మోహన్ సారుకు నమస్కరించి రాసేది.

మీ కొత్త బ్యాంకు గేటు ముందు రోజూ చెప్పులు వరుసగా ఎందుకుంటున్నాయని బంట్రోతును అడిగారట. ఆ పని నాది.

మన బజారులో దుకాణాలన్నీ రోడ్డుకు ఆనుకొని, నలుగురు కూర్చునే అరుగులతో ఉంటాయి. మొదటి నుంచీ ఇక్కడి తీరు అదే. మీ బ్యాంకు ఒక్కటే ఊరి బయటి బంగళాలాగ ప్రహరీ కట్టుకొని, కంకర పరిచిన ఇంత జాగా వదిలి, ఎక్కడో లోపల కూర్చుంది. దాన్ని చూస్తే నాకు నోటి దురద ఆగలేదు. పంట అప్పు కోసం తండా నుంచి వచ్చిన ముసలి రామితో, "గిది దొర గడి అవ్వా, చెప్పులు బయట విడువు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. దొరల కోటల్లాంటి ఆ గడీల ముందు చెప్పులతో నడవనియ్యని రోజులు చూసిన మనిషి, నిజమనుకొని విడిచింది. ఆమెను చూసి మిగతావాళ్లూ విడిచారు.

అప్పు పని తెగక నిన్న మళ్లీ వచ్చింది; ఎండకు కాలిన ఆ కంకర మీద నడిచి ఆమె అరికాళ్లు బొబ్బలెక్కాయి. నాకు అన్నం సయించలేదు. ఇవాళ ఎదురుపోయి, "నవ్వులాటకు అన్న అవ్వా, తొడుక్కో" అని బతిమాలాను.

"గింత గోడ, గింత జాగ ఉన్నంక లోపట దొర ఉండకుంట ఉంటడా బిడ్డా" అని, ఉత్త కాళ్లతోనే లోపలికి పోయింది.

నా మాట నేను వెనక్కి తీసుకున్నాను సారూ. ఆ గోడ మాత్రం మీరే తీయాలి.

ఇట్లు,
మీ గేటుకు ఎదురుగా ఉన్న పాన్ డబ్బావాడు