పాతర మూత

1965 సెప్టెంబరు 6

విత్తకముందే జొన్న ధర చెప్పేశారు! తాలూకా ఆఫీసు బోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉందట. బజారులో ఎంత పడిపోయినా ఆ ధరకి సర్కారే కొంటుందట. ఈయన చూసొచ్చి చెప్పారు. మావయ్య మాత్రం — "సుద్ద రాతే కదరా. చెరిపేస్తే పోద్ది."

సెప్టెంబరు 7

నాకు కావలసింది ఒక్కటే — ఆ పాతర అవసరం లేకపోవడం. ఏటా కోతలప్పుడు ధర పడిపోతుంది. పెరట్లో గోతిలో జొన్నలు పోసి, మూత వేసి, ధర పెరిగేదాకా కాచుక్కూర్చుంటాం. అంచుల వెంట గింజ ముక్కిపోతుంది. నిరుడు మూత తీశాక, దీపం దించి ఆరుతుందేమో చూడకుండానే ఈయన దిగారు. లోపల విషగాలి. మావయ్యా నేనూ తాడుతో పైకి లాగేసరికి కళ్ళు తేలేశారు... ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అక్టోబరు 19

ఎరువు తెచ్చారు. మిరపకే తప్ప జొన్నకి ఎప్పుడైనా వేశామా? "ఇంత వస్తుందని తెలిస్తే పెట్టనా ఏంటి?" అంటారు. రెండోసారి కలుపు కూడా తీయించారు. మా పిసినారి గారేనా!

జనవరి 23

కంకులు బరువుకి వంగిపోయాయి. చేలో నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే.

ఫిబ్రవరి 20

చెప్పిన ధరే ఇచ్చారు. దేవుడికీ, ఆ సుద్దముక్క పట్టుకున్న గుమాస్తాకీ దణ్ణం.

"తిండికి కాసిని ఉంచుదామా?" అన్నారు ఈయన, బండికెత్తేముందు. నేనే వద్దన్నాను. ఉంచితే మళ్ళీ పాతరే కదా, కొట్లో కొనుక్కుందాం అన్నాను. మావయ్య ఖాళీ గోతి చుట్టూ ఊడ్చి, మూత పెట్టి వచ్చారు.

ఆగస్టు 11

కొట్లో మంచి జొన్నలు లేవు. దొరికినవి పుచ్చులు. రొట్టె చేతిలోనే విరిగిపోయింది. మావయ్య నీళ్ళలో ముంచుకుని తిన్నారు. "బానే ఉందమ్మా." తిట్టినా బాగుండేది. తప్పు నాదే.

ఆగస్టు 12

అయినా... ఈ ఏడు ఈయన గోతిలోకి దిగలేదు. ఎదురుగా కూర్చుని తింటున్నారు. పుచ్చు రొట్టె అయితేనేం.

సెప్టెంబరు 4

బోర్డు ఖాళీగా ఉందట. ధర ఇంకా రాలేదు. ఎరువుకని వెళ్ళిన ఈయన కొనకుండానే తిరిగొచ్చారు.

పొద్దున మావయ్య పాతర మూత తీశారు. గింజ లేదు, దిగేవాళ్ళూ లేరు. అయినా అలవాటు కొద్దీ దీపం దించారు. ఇద్దరం చాలాసేపు చూశాం. ఆరలేదు.

"పూడ్చేయమంటావా, మళ్ళీ గింజ పోయడానికి గడ్డి పరవమంటావా అమ్మాయ్? నువ్వెట్టా అంటే అట్టా."

ఇంకా చెప్పలేదు. ఆనాడు ఈయన్ని పైకి లాగిన తాడు మాత్రం తీసి లాగి చూశాను. గట్టిగానే ఉంది.