సివిల్ వాడకానికి మాత్రమే

2022 జనవరి 24, సోమవారం

ఆఫీసు తెరిచారు, రెండేళ్ళ తర్వాత. బల్లల మధ్య ప్లాస్టిక్ అద్దాలు ఇంకా తీయలేదు. మేనేజర్ డెక్లన్ గుమ్మంలో డోనట్ల పెట్టెతో నిలబడ్డాడు, మేమేదో యుద్ధం గెలిచి వచ్చినట్టు. కష్టకాలంలో ఈమెయిళ్ళు పంపాడు, ఇప్పుడు డోనట్లు.

నా బల్ల మీద క్యాలెండర్ 2020 మార్చి దగ్గరే ఆగి ఉంది. కప్‌బోర్డులో (ఇక్కడ ప్రెస్ అంటేనే అర్థమవుతుంది) నీనో కాఫీ మగ్గు. జార్జియా పిల్ల. మూడేళ్ళు నా పక్క బల్ల. లాక్‌డౌన్‌లో వాళ్ళమ్మకు బాగోలేదని తిబిలిసీ వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మగ్గు కడిగి నా దగ్గర పెట్టుకున్నాను.

బస్సులో రేడియో. ఐర్లాండ్ నైరుతి సముద్రంలో రష్యా ఓడలు విన్యాసాలు చేస్తాయట. జాలర్లు పోయి అక్కడే వలలు వేస్తామంటున్నారు. ఇక్కడి నేవీకి ఓడలున్నాయి, నడిపే మనుషులు చాలరు. దేశరక్షణ చేపల పడవలకు అప్పజెప్పి, దాన్నే గొప్పగా చెప్పుకుంటున్నారు.

ఫిబ్రవరి 2, బుధవారం

మేం తయారుచేసేది గోరంత సెన్సార్. దేనికి తగిలిస్తే అది ఎటు ఒరిగిందో చెబుతుంది. ట్రాక్టర్‌కు పెడితే సాలు వంకర పోదు. ఇంకా దేనికైనా పెట్టొచ్చు. అందుకే దేశం దాటే ప్రతి పెట్టెతోపాటు ఒక కాగితం... 'కొన్నవారిని విచారించితిమి, సరుకు సివిల్ వాడకానికి మాత్రమే.' కింద టిక్కు, దాని కింద సంతకం.

విచారించే పని నీనోది. ఫోన్ చేసి నిలదీసేది. ఏ పొలం, ఎన్ని ఎకరాలు, ఏ పంట. నీనో వెళ్ళాక పని నాకు వచ్చింది. 'పాత కాగితం కాపీ చెయ్, తేదీ మార్చు, గ్రాండ్' అన్నాడు డెక్లన్, అంటే అంతే చాలని. ఇంట్లో వంటింటి బల్ల మీద ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపేదాన్ని. పక్కన పప్పు ఉడుకుతుండేది.

విచారించితిమి. ఎవరం? ఎప్పుడు?

ఫిబ్రవరి 13, ఆదివారం

ప్రార్థన అయ్యాక మా చర్చి పెద్ద దేవదానం అంకుల్ యూరప్ మ్యాప్ మొదలుపెట్టారు. చర్చికి వచ్చినవాళ్ళం పదిమందిమి, మిగతావాళ్ళు జూమ్‌లో. రష్యా ఉక్రెయిన్ మీదికి కదలదట, ఉత్త బెదిరింపేనట. 'వాళ్ళు మనకు పాత స్నేహితులమ్మా' అని నాకు ప్రత్యేకంగా చెప్పారు, వాళ్ళతో కలిసి చదువుకున్నట్టు. జూమ్‌లోంచి ఎవరో నాటో వైపు మాట్లాడారు. అంకుల్ మ్యూట్ చేశారు. కూటమి రాజకీయమంటే అదీ, మ్యూట్ బటన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే ధర్మం.

ఫిబ్రవరి 24, గురువారం

మొదలైంది.

ఫిబ్రవరి 27, ఆదివారం

మొన్నటిదాకా పాత కూటముల గురించి పాఠాలు చెప్పినవాళ్ళే ఇవాళ కన్నీళ్ళతో ప్రార్థించారు. అంకుల్ మ్యాప్ మడిచేశారు. 'ముందే చెప్పాను కదమ్మా' అన్నారు.

ఏం చెప్పారో నేను గుర్తు చేయలేదు. ఎదురు చెప్పాలంటే నాకూ భయమే.

మార్చి 3, గురువారం

మా పాప హన్నాకు స్కూల్లో ప్రాజెక్టు, 'మన దేశం, తటస్థత'. చార్టు మీద పచ్చ రంగులో ఐర్లాండ్, చుట్టూ పావురాలు. ఐదో క్లాసు పిల్లను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. 'తటస్థం అంటే ఏంట్రా?' అన్నాను. 'వియ్ డోంట్ టేక్ సైడ్స్, మామ్.'

మా ఆఫీసు కార్ పార్కులోంచి షానన్ ఎయిర్‌పోర్టు రన్‌వే కనబడుతుంది. అమెరికా సైనికుల్ని మోసుకొచ్చిన విమానాలు అక్కడ దిగి నూనె పోయించుకుంటాయి. నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. పక్షం లేదట, పెట్రోలు ఉందట. ఇప్పుడేమో ఉక్రెయిన్ వాళ్ళకు హెల్మెట్లు, దుప్పట్లు, మందులు పంపుతారట, తుపాకులు మాత్రం పంపరట. గోడ మీద పిల్లికి కూడా ఎటో ఒకవైపు తోక వేలాడుతుంది.

ఇదంతా పిల్లకు చెప్పలేదు. పావురం రెక్కకు రంగు వేశాను. హోంవర్క్ జర్నల్‌లో తల్లి సంతకం అడిగితే పెట్టాను, ఎప్పటిలా తెలుగులో. వాళ్ళ మిస్‌కు నా సంతకం ఇష్టమట. జిలేబీలా ఉందని హన్నాయే అంటుంది, మిస్‌కు జిలేబీ ఏం తెలుసు.

మార్చి 7, సోమవారం

గల్ఫ్‌లో ఉన్న దళారీ దగ్గర్నుంచి ఆర్డర్. మామూలుకన్నా మూడింతలు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకట. ఎడారిలో ఇంత పంట ఎప్పుడు వేశారో.

డెక్లన్ చంకలు గుద్దుకుంటున్నాడు. అతని వెనక గోడ మీద కొత్తగా ఉక్రెయిన్ జెండా. పొద్దున్నే తనే అంటించాడు.

ఆ దళారీ పాత ఫైలు తీశాను. నీనో ఆఖరి కాగితం మీద పసుపు చీటీ ఇంకా అంటుకునే ఉంది. 'ఏ పంట అని మూడుసార్లు అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడగాలి.'

రెండేళ్ళ కిందటే, ఫైళ్ళు ఇంటికి తెచ్చుకున్నప్పుడే చూశాను ఆ చీటీ. చూసి, పేజీ తిప్పాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను, అంతే.

మార్చి 8, మంగళవారం

కొత్త ఆర్డర్ కాగితం మీద సంతకం పెట్టలేదు. తలనొప్పి అన్నాను. పిరికిదానికి తలనొప్పి ఎప్పుడూ వేళకే వస్తుంది.

మార్చి 16, బుధవారం

భోజనాల వేళ ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఉక్రెయిన్‌లో కూలిన రష్యా డ్రోన్, దాని పొట్ట చీల్చి బల్ల మీద పరిచారు. ఒక మూల ఆకుపచ్చ బోర్డు మీద గోరంత నల్ల చదరం, దాని మీద మా నంబరు వరస.

అది పడ్డచోట పొలం లేదు. అపార్టుమెంట్లు.

డెక్లన్ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కకు తిప్పి చూశాడు. 'ఎవరిదైనా కావచ్చు' అన్నాడు. రేపు పాట్రిక్స్ డే సెలవు, అందరూ ఎంజాయ్ చేయండన్నాడు. నేను బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను. కోవిడేమోనని టెస్ట్ చేయించారు. నెగెటివ్.

మార్చి 22, మంగళవారం

ఎగుమతులు చూసే ప్రభుత్వ డిపార్ట్‌మెంటు నుంచి ఉత్తరం. రెండేళ్ళ సివిల్ కాగితాలన్నీ పంపాలి, ఎవరు విచారించారో, ఎవరు సంతకం పెట్టారో చెప్పాలి.

మొత్తం ముప్ఫై ఒకటి. అన్నీ నావే. ఆ ఫారంలో సంతకం గడి ఉంది, పేరు రాసే గడి లేదు.

మా నాన్న తెనాలిలో దస్తావేజులు రాసేవాడు. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు రేకుల షెడ్డు, కొయ్య డెస్కు. నాకు పదేళ్ళప్పుడు కూర్చోబెట్టి సంతకం నేర్పాడు. 'తెలుగులో పెట్టు. ఎక్కడున్నా నీదని నీకు తెలియాలి. చదవకుండా మాత్రం పెట్టమాక.' కిందటి మే నెలలో కోవిడ్‌తో పోయాడు. సమాధి చేయడం ఫోన్‌లో చూశాను, అదీ మధ్యలో ఆగిపోతూ. అప్పుడు ఏడుపు రాలేదు. ఈ ముప్ఫై ఒక్క కాగితాలు బల్ల మీద పేర్చుకుని ఇవాళ ఏడ్చాను.

మార్చి 24, గురువారం

డెక్లన్ కార్ పార్కులోకి పిలిచాడు. లోపల చెప్పకూడని మాటన్నమాట. అవతల ఒక పెద్ద విమానం నూనె పోయించుకుంటోంది.

నన్ను ఇరుకున పెట్టడం తనకిష్టం లేదట. నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా ప్రభుత్వం దగ్గరే ఉందని తనకు గుర్తుందట. ఎంత దయ. నీనో తిబిలిసీ నుంచి కూడా కిందటి క్రిస్మస్ దాకా మా జీతాల పట్టీలో ఉంది కదా, నిజమే, ఈమెయిళ్ళు చూసేది. అందుకని ఆ సంతకాలు నీనోవని...

'ఆ సంతకం ఎవరూ చదవలేరు, సూజా. నీనో రాత కూడా అంతేగా, అన్నీ సున్నాలు చుట్టినట్టు.'

జార్జియా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నిజమే. నీనో, నేను చీటీల మీద పేర్లు రాసుకుని నవ్వుకునేవాళ్ళం, అక్కచెల్లెళ్ళ చేతిరాతలా ఉన్నాయని. ఆ నవ్వు ఇతను ఎప్పుడో చూసి దాచుకున్నాడు, ఇలా పనికొస్తుందని.

ఛీ.

కానీ వెంటనే 'కాదు' అనలేదు నేను. విమానం కదిలేదాకా దాన్నే చూశాను. ఆ ఛీ సగం నాకే.

మార్చి 27, ఆదివారం

మా ఆయనకు చెప్పాను. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో డబుల్ డ్యూటీ చేసి వచ్చాడు, ముక్కు మీద మాస్కు గాటు. ఈ రెండేళ్ళలో తన చేతుల్లో పోయిన ముసలివాళ్ళ పేర్లు ఇప్పటికీ నిద్రలో పలుకుతాడు. చెడ్డవాడు కాడు. అందుకే ఆయన అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది.

'పాస్‌పోర్టు చేతికొచ్చిందాకా నువ్వేం మాట్లాడమాకు సుజాతా. ఆ పిల్ల ఈ దేశంలోనే లేదు గదా, ఆమెకేం బోద్ది?'

ఆమెకేం పోతుంది. నిజంగా కాసేపు లెక్క వేసి చూశాను. తిబిలిసీలో ఉన్న పిల్లను ఐర్లాండ్ వాళ్ళు ఏం చేస్తారు? ఏమీ చేయరు. మళ్ళీ యూరప్‌లో ఉద్యోగానికి పెట్టుకుంటే మాత్రం ఈ మరక బయటికొస్తుంది. ఆయన అన్నం కలుపుకుంటూ నా ముఖం వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

మార్చి 30, బుధవారం

నీనో వాయిస్ మెసేజ్, నేనేమీ అడక్కుండానే. జర్మనీలో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ ఉందట, ఎక్స్‌పోర్ట్ కాగితాల పనే, నన్ను రిఫరెన్సు ఇవ్వమంటోంది. ఇంకా ఏదో చెప్పింది, తన చిన్నప్పుడు రష్యాతో జరిగిన యుద్ధం గురించి. అప్పుడు కూడా పెద్ద దేశాలన్నీ చాలా బాధపడ్డాయట. మేనత్త ఊరికి వెళ్ళే దారికి అడ్డంగా ముళ్ళకంచె వచ్చింది, ఇంకా ఉంది. 'నువ్వు జాగ్రత్తగా ఉండు సుజా. నీ ఫారాలన్నీ శుభ్రంగానే ఉంటాయని నాకు తెలుసు.'

మూడుసార్లు విన్నాను. జవాబుగా ఒక గుండె బొమ్మ పంపాను.

ఏప్రిల్ 5, మంగళవారం

డిపార్ట్‌మెంటు మనిషి వీడియోలో వచ్చింది. లిమరిక్ యాస, కళ్ళజోడు, వెనక పుస్తకాల అర. నమ్రతగా మాట్లాడింది, అందుకే భయమేసింది. ఒక కాగితం కెమెరా ముందుకు ఎత్తి పట్టుకుని, ఇది ఎవరిదని అడిగింది.

తెర మీద నాన్న నేర్పిన అక్షరాలు, నా ముఖానికన్నా పెద్దగా.

డెక్లన్ గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో చాలామంది పనిచేసి వెళ్ళారనీ, రికార్డులు చూసి చెబుతాననీ అన్నాడు. నేను మ్యూట్‌లో ఉన్నాను. ఎవరూ నన్ను మ్యూట్ చేయలేదు.

ఆఫీసులో పనిచేసేవాళ్ళందరి నమూనా సంతకాలు శుక్రవారంలోగా కావాలంది. ఒక్కొక్కరివి మూడేసి.

ఏప్రిల్ 6, బుధవారం

డెక్లన్ నా బల్ల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, 'ఇంగ్లీషులో పెట్టెయ్, అంతే' అన్నాడు. అబద్ధం కూడా కాదట అది. నా పేరే కదా.

బస్సులో టికెట్ వెనక ఇంగ్లీషులో పెట్టి చూశాను. చక్కగానే వచ్చింది. నలభై ఏళ్ళు వచ్చాక కొత్త సంతకం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనక ఇరవై సార్లు రాశాను. చెయ్యి అలవాటు పడింది. తటస్థంగా ఉంది, ఏ ఊరిదో తెలియకుండా.

ఏప్రిల్ 7, గురువారం

పొద్దున హడావిడి. హన్నా షూ లేసులు కట్టుకుంటూ జర్నల్ ముందుకు తోసింది. సంతకం పెట్టి తిరిగి ఇచ్చాను. అది చూసి, మళ్ళీ చూసి, నా ముందు పెట్టింది.

'దట్స్ నాట్ యువర్స్, మామ్.'

నాదే అన్నాను. తల అడ్డంగా ఊపింది. మిస్ నమ్మదంది. తనే రాసుకుందనుకుంటుందట, ఫోర్జరీ అంటే గొడవైపోతుందట. బస్సు టైమవుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి.

కొట్టేసి, కింద తెలుగులో పెట్టాను. అప్పుడు నవ్వింది. 'దేర్ యు ఆర్' అంది.

అది వెళ్ళిపోయాక కూడా గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. సిగ్గేసింది, ఒంటినిండా.

ఏప్రిల్ 8, శుక్రవారం

మధ్యాహ్నం. షీటు నా ముందు ఉంది. నా పేరు అచ్చు వేసి ఉంది, పక్కన మూడు గడులు. అందరివీ నిండాయి. నాదొక్కటే ఖాళీ. మూడింటికి స్కాన్ చేస్తారు.

నీనో ఇంటర్వ్యూ కూడా ఇవాళే. జర్మనీ వాళ్ళు నాకు ఫోన్ చేస్తారట, ఎప్పుడో తెలియదు. ఆమె ఎలాంటి మనిషని అడుగుతారు. మూడుసార్లు అడిగిన మనిషని చెప్పాలి. మరి నువ్వు అని వాళ్ళు అడగరు, అది నయం.

ఈ పేజీ అడుగున రెండూ పెట్టి చూసుకున్నాను. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. మొదటిది ఎవరిదైనా కావచ్చు.

టైము రెండూ నలభై. ఫోన్ మోగుతోంది, జర్మనీ నంబరు. ప్లాస్టిక్ అద్దానికి అవతల డెక్లన్ వచ్చి నిలబడ్డాడు, చేతిలో డోనట్ల పెట్టె. అయ్యిందా అని కనుబొమలతోనే అడుగుతున్నాడు.

ఒక్క నిమిషం అన్నాను అతనితో, ఫోన్ అందుకుంటూ.