తల్లి పేరు రాసే గడి

5 మార్చి 2019, మంగళవారం

పోస్ట్‌మాన్ పదకొండుంబావుకు కవరు ఇచ్చాడు. నా మనుమరాలు సుస్మిత పనిచేసిన అమెరికా సైన్యం నుంచి. ఆమె పౌరసత్వ దరఖాస్తు మరణంతో ఆగిపోయిందని అక్కడి ఆఫీసరు రాశాడు. పోయినవాళ్ల పేరున కూడా పౌరసత్వం అడగవచ్చట. దానికి వేరే ఫారం ఉంది. జతచేశాడు. గడువు మరణించిన తేదీ నుంచి రెండేళ్లు. అంటే ఈ నవంబర్ 14.

రెండుసార్లు చదివాను. దీనివల్ల నాకు ఏ లాభమూ రాదని, ఇది గౌరవం కోసం ఇచ్చేది మాత్రమేనని ఆయనే రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి.

పౌరసత్వ ప్రమాణానికి ఇచ్చిన తేదీ 2017 నవంబర్ 30. శిక్షణలో ట్రక్కు బోల్తాపడింది 14న. పదహారు రోజులు.

పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూ పాసైంది. పాసైన పిల్లకు సర్టిఫికెట్ ఇవ్వకుండా ఆపడం నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న పదకొండేళ్లలో ఒక్కసారీ జరగలేదు. ఫారం నింపుతాను.

6 మార్చి, బుధవారం

పొద్దున ఆరింటి నుంచి ఫారం ముందు కూర్చున్నాను. జిల్లా దగ్గర అలవాటుగా నల్లగొండ అని రాశాను. ఆలేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి. కొట్టేసి రాశాను. కొట్టివేత చూస్తే మనసు పాడైంది.

దరఖాస్తుదారు మృతురాలికి ఏమవుతారు? భర్త, తల్లి, తండ్రి, సంతానం, తోబుట్టువు. నాయనమ్మ అనే మాట లేదు.

కానీ సుస్మిత పాస్‌పోర్టులో తల్లి పేరు లక్ష్మీనర్సమ్మ అని ఉంది. అంటే నేనే. పదో తరగతి మెమోలోనూ అంతే. వీటన్నిటికీ మూలం మా బడి అడ్మిషన్ రిజిస్టరు. 1996 జూన్ 13న ఆ ఎంట్రీ నా చేత్తో రాశాను.

నా కొడుకు నరహరి కామెర్లతో పోయేనాటికి పిల్లకు మూడేళ్లు. కోడలు మంజులకు ఇరవై రెండు. ఏడాది తిరగగానే పుట్టింటివాళ్లు ఆమెకు జడ్చర్లలో మారుమనువు కుదిర్చారు. పోతే పో, పిల్లను వదిలి పో, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నాను. పోయింది. ఆ మరుసటి జూన్‌లో రిజిస్టరులో తల్లి పేరు గడి ఖాళీగా కనిపించింది. పెన్ను ఆగలేదు.

ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను రాసిన తప్పుడు ఎంట్రీ అదొక్కటే. ఎవరూ అడగలేదు. తల్లి లేని పిల్లకు అవ్వే తల్లి అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

తల్లి అన్న చోట టిక్ పెట్టి సంతకం చేశాను.

9 మార్చి, శనివారం

రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. బీరన్న ఆటోలో వెళ్లి వచ్చాను.

17 మార్చి, ఆదివారం, ఉదయం 9

సుస్మిత ఫోన్ చేసే వేళ. అక్కడ శనివారం రాత్రి.

పౌరసత్వం పరీక్షకు నూరు ప్రశ్నలు. పుస్తకం ప్రింటు పంపించింది. ఆరు నెలలు ప్రతి ఆదివారం నేనే పరీక్ష పెట్టాను. రాజ్యాంగ సవరణలు ఎన్ని? ఇరవై ఏడు. సుప్రీంకోర్టులో జడ్జీలు ఎంతమంది? తొమ్మిది మంది. అసలు పరీక్షలో పదికి ఆరు చెబితే చాలట. నేను పదికి పది రాకపోతే మళ్లీ మొదటి నుంచి అడిగేదాన్ని. ఆ ఆఫీసరుకన్న నువ్వే అన్యాలం ఉన్నవవ్వా అని నవ్వేది.

ఒక ఆదివారం ప్రశ్నలు అయిపోయాక, దరఖాస్తులో రాసినవన్నీ నిజమని ప్రమాణం చేయాలట, పాత కాగితాల్లో ఏదన్నా తప్పుంటే ఎట్లా అని అడిగింది. తప్పుంటే దిద్ది రాయి, ప్రమాణం చేసి అబద్ధం రాసేవాళ్లు నా ఇంట్లో పుట్టరు అన్నాను. లైను పోయిందనుకున్నాను. తర్వాత "సరే అవ్వా, దిద్దుత" అంది.

స్పెల్లింగు తప్పు ఏదో అనుకున్నాను.

22 జూలై, సోమవారం

జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. మీరు మృతురాలి తల్లినని ప్రకటించారు. మృతురాలు స్వయంగా ప్రమాణం చేసి ఇచ్చిన దరఖాస్తులో తల్లి పేరు మంజుల, నివాసం జడ్చర్ల అని ఉంది. ఈ తేడాకు వివరణ, జనన ధ్రువీకరణ పత్రం పంపగలరు. మొదటి గడువు మారదు.

దిద్దుత అన్నది ఇది.

నరహరి చీరల నూలుకు చిటికి కట్టేవాడు. రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి జారితే అప్పుడు తెలియదు. మగ్గం మీద రెండు గజాలు నేసినాక పువ్వు పక్కకు పోయి కనిపిస్తుంది. అప్పుడు విప్పి మళ్లీ కట్టేందుకు ఏమీ ఉండదు.

ఆ పిల్లకు తల్లి పేరు ఎట్లా తెలిసింది? నేను చెప్పలేదు. నా ఇంట్లో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు. జడ్చర్ల అని కూడా తెలుసు.

23 జూలై, మంగళవారం

బీరన్నను అడిగాను. ఆ పిల్లను కాలేజీకి, స్టేషనుకు తిప్పింది అతని ఆటోనే.

దాచలేదు. ఇంటర్ మొదటి ఏడు నుంచి జడ్చర్ల పోయేదట. స్పెషల్ క్లాసు ఉందని నాకు చెప్పిన ఆదివారాలు. మొదటిసారి దారి తెలియక అతన్నే తోడు తీసుకుపోయింది. చదువుకని అమెరికా విమానం ఎక్కే ముందు రోజు కూడా పోయింది. ఆ రోజు బ్యాంకులో పనుందని నాతో చెప్పింది. డైరీ తీసి చూశాను. బ్యాంకు అనే రాసి ఉంది.

పన్నెండేళ్లుగా నా ముఖం చూస్తూ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ మాట్లాడాడు.

"మీరే అంటిరి గద టీచరమ్మా, రిజిస్టర్ల ఉన్నదే నిజమని. రిజిస్టర్ల మంజులక్క లేకపాయె. లేనామె తాన్కి పోతున్నమని మీకెట్ల చెప్తం?"

ఆ మాట నాదే. 2000లో మిలిటరీ సెలక్షన్లకు పోవడానికి బీరన్నకు వయసు ఎక్కువ పడింది. రిజిస్టరులో పుట్టిన ఏడు రెండేళ్లు ముందుగా పడిందని తల్లి నాగులమ్మ వచ్చి ఏడ్చింది. గొర్లకు రోగమొచ్చిన ఏడు పుట్టిండు తల్లీ, ఎవలనైనా అడుగు అంది. బడిలో చేర్చేటప్పుడు కురుమ పిల్లల వయసు పంతుళ్లు అందాజుగా వేస్తారని నాకు తెలుసు. ఆమె చెప్పేది నిజమనీ తెలుసు. రిజిస్టరులో ఉన్నదే నిజం అని పంపేశాను. ఆ మాట అన్నది ఆ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి.

బీరన్న సైన్యంలోకి పోలేదు. ఇరవై ఏళ్లుగా ఆటో నడుపుతున్నాడు.

4 ఆగస్టు, ఆదివారం

జడ్చర్ల పోలేదు.

11 ఆగస్టు, ఆదివారం

పోలేదు. వాన కారణం కాదు.

18 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం 6

జెండా సంచిలో పెట్టాను.

ఇది కూడా రాయాలి. సుస్మితను తెచ్చిన రోజు పెట్టె వెంట ఇద్దరు సైనికులు వచ్చారు. మూడు మూలలుగా మడిచిన జెండాను తల్లికి ఇస్తామన్నారు. చేతులు చాపాను. అప్పుడు శ్మశానం గోడ వెనుక మంజుల కనిపించింది. పసుపు రంగు చీర, తల మీద కొంగు. నన్ను చూసింది. నేనూ చూశాను. పిలవలేదు. జెండా తీసుకుని కూర్చున్నాను.

19 ఆగస్టు, సోమవారం, రాత్రి 8

బీరన్న తోడు వచ్చాడు. రైలులో సికింద్రాబాద్, అక్కడి నుంచి బస్సులు మారి జడ్చర్ల. ఇల్లు అతనికి తెలుసు. చేరేసరికి పన్నెండున్నర.

రెండు గదుల కిరాయి ఇల్లు. భర్త రామచంద్రయ్య మందుల కంపెనీలో షిఫ్టుకు పోయాడు. కొడుకులిద్దరూ ఇంట్లో లేరు. గోడ మీద సుస్మిత ఫోటో, సైన్యం దుస్తుల్లో. నా దగ్గర ఆ ఫోటో లేదు. నాకు పంపినవన్నీ చీరల్లోవే.

మంజులకు నలభై ఏడు. వెంట్రుకలు నాకంటే ఎక్కువ తెల్లబడ్డాయి. కూర్చోమంది, నీళ్లిచ్చింది. అత్తమ్మ అనే పిలిచింది. తప్పుపట్టే హక్కు నాకు లేదు.

దరఖాస్తు తల్లిగా ఆమె పేరున పెట్టాలని వచ్చిన పని చెప్పాను. ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. "స్వయంగా ప్రమాణం చేసి" అన్న చోట ఆపమంది. ఇంకోసారి చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. మూడుసార్లు చదివాను. లోపలికి వెళ్లి రేకుపెట్టె తెచ్చింది. అందులో భువనగిరి దవాఖానలో రాయించిన జనన పత్రం. ఆ కాగితం పోయిందనుకున్నాను. నా ఇంటి నుంచి పోయిననాడు ఆమె కట్టుబట్టలతో పాటు తీసుకుపోయింది అదొక్కటేనట.

చుట్టుపక్కల ఇబ్బంది అవుతుందేమో, ఉత్తరాలు ఈ అడ్రసుకే వస్తాయి, ఆలోచించుకో అన్నాను.

"నా పెద్దబిడ్డ మిలిటరీల ఉన్నదని గీ వాడకట్టంత ఎరుకే అత్తమ్మ. కొడుకులకు ఎరుకే, ఆయనకు ఎరుకే. కాయితం మీదనే లేకుండె. గీ గడిల పేరు రాసుడుకు ఇరవై మూడేండ్లు పట్టింది."

తెలియనిది నాకు ఒక్కదానికే.

నోటరీ దగ్గరికి ముగ్గురం నడిచి పోయాం. ఆమె ఏడో తరగతి దాకానే చదివింది. వేలిముద్ర వేస్తుందనుకున్నాను. పెన్ను తీసుకుని ఇంగ్లీషులో సంతకం చేసింది. ఎం అక్షరం మొదట్లో చిన్న కొక్కెం, చివర్లో తోక పైకి లేచి కొంచెం వంగింది. అది నా ఎం. సుస్మితకు నాలుగు గీతల కాపీలో నేను దిద్దబెట్టిన ఎం. ఎవరు నేర్పారని అడగలేదు.

నా వివరణ అక్కడే బల్ల మీద రాశాను. మూడు వాక్యాలు. 1996లో తల్లి పేరు స్థానంలో నా పేరు రాశాను. మార్చిలో మీకు పంపిన ఫారంలోనూ అదే రాశాను. రెండూ అబద్ధమని రాసేటప్పుడు నాకు తెలుసు.

తిరిగి ఇంటికి వచ్చాక జెండా తీసి ఆమె ముందు పెట్టాను. ఇది తల్లికి ఇచ్చింది, నీది అన్నాను. ముట్టుకోలేదు.

"వద్దత్తమ్మ. గది జూస్తె నా బిడ్డ యాదికి రాదు. గోడెనుక నిలవడ్డది యాదికొస్తది. నువ్వే పెట్టుకో."

కోపంగా అనలేదు. అన్నం తిని పొమ్మంది. తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైంది. చెప్పలేదు.

బస్సులో బీరన్న నా పక్క సీటులో కూర్చున్నాడు. సంచి నా ఒళ్లోనే ఉంది.

21 ఆగస్టు, బుధవారం

పోస్టు చేశాను. దరఖాస్తుదారు మంజుల. సంబంధం తల్లి.

28 ఆగస్టు, బుధవారం

బడికి వెళ్లాను. 1996 రిజిస్టరులో ఒక ఎంట్రీ దిద్దాలి, తప్పు నాదని రాసి ఇస్తాను అన్నాను. ఇప్పటి హెడ్‌మాస్టరు మర్యాద గల మనిషి. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. విద్యార్థి బడి వదిలి పోయాక ఎంట్రీ మార్చరాదని రూలు ఉంది మేడం అన్నాడు. నంబరు కూడా చెప్పాడు.

నాకు తెలుసు. నాగులమ్మకు నేను చెప్పింది ఆ నంబరే.

రిజిస్టరు ఒకసారి చూపించమన్నాను. సిరా రంగు మారలేదు. నా దస్తూరి ఎంత బాగుండేదో.

సాయంత్రం బీరన్న ఇంటికి వెళ్లాను. నాగులమ్మ పోయి ఆరేళ్లయింది. బీరన్న ఒక్కడే ఉన్నాడు, మేకలకు ఆకు వేస్తున్నాడు. మీ అమ్మ చెప్పిన ఏడే నిజం, ఆనాడే నాకు తెలుసు అన్నాను. ఆకు వేయడం ఆపలేదు. గిప్పుడెందుకు టీచరమ్మా అన్నాడు. వచ్చేశాను.

14 నవంబర్, గురువారం

రెండేళ్లు. అక్కడి తేదీ ప్రకారం నేడు, ఆమె పోయిన వేళకు ఇక్కడ తేదీ మారింది కనుక ఇక్కడి లెక్కలో రేపు. ఏ ఉత్తరమూ లేదు.

18 ఫిబ్రవరి 2020, మంగళవారం, మధ్యాహ్నం 2

మంజుల ఫోన్ చేసింది. కవరు వచ్చిందట, చదవరాదట. కొడుకు సాయంత్రం వస్తాడట, అప్పటిదాకా ఆగలేదట. ఒక్కొక్క అక్షరం చెప్పు అన్నాను. చెప్పింది. బి కి డి కి తేడా తెలియలేదు. పొట్ట ఎటువైపు ఉందని అడిగాను. కుడికి అంది. అయితే బి అన్నాను. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను. నలభై నిమిషాలు పట్టింది.

ఇచ్చారు. సర్టిఫికెట్. పేరు సరిగ్గా ఉంది. పౌరసత్వం వర్తించే తేదీ దగ్గర అంకెలు రెండుసార్లు చెప్పించుకున్నాను. 2017 నవంబర్ 14. మరణించిన తేదీ నుంచే ఇస్తారట.

ఏమి రాసిన్రు అత్తమ్మ అని అడిగింది. పాసైంది అన్నాను. ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అక్కడ ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

23 ఫిబ్రవరి, ఆదివారం, ఉదయం 9

పేరు: సుస్మిత.

దేశం: బతికిన అన్ని రోజులూ ఇది. పోయిన ఒక్కరోజు అది.

తల్లి పేరు: ~~లక్ష్మీనర్సమ్మ~~ మంజుల.

ఈ డైరీలోనే ఎర్ర సిరాతో దిద్దాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను.